నెల పిల్లతో మొదటి ప్రయాణం: ముందు తల్లి కూర్చునే చోటు చూడండి

మీ పాపకు నెల దాటింది. కరీంనగర్‌లో మీ అత్తగారి తరఫు పెళ్లి ఉంది, చుట్టాలంతా పాపను చూస్తామంటున్నారు కాబట్టి తీసుకురమ్మంటున్నారు. మీ అమ్మేమో మూడో నెల వచ్చేదాకా గడప దాటొద్దంటోంది. ఎవరి మాట వినాలని మీరు అడిగారు.

పెళ్లికి వద్దు. గడప మాత్రం దాటండి, రేపే దాటండి.

మాది హనుమకొండ. పుట్టిల్లు పరకాల దగ్గర ఒక పల్లె. ఈ సంగతి వచ్చినప్పుడు అందరూ నెలలే లెక్కబెడతారు. నేను ముందు చూసేది వేరు: తొవ్వలో బిడ్డ ఆకలికి ఏడిస్తే తల్లి ఎక్కడ కూర్చుంటుంది? ఆ చోటు ఉంటే నెల పిల్లతోనూ పోవచ్చు. లేకపోతే ఐదో నెలలోనూ అది నరకమే.

మా దిక్కు పురుడు అయ్యాక ఇరవై ఒకటో రోజు తొట్టెల, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుక, చేస్తారు. ఆ పొద్దుగాల బాలింతను బాయి దగ్గరికి తీసుకుపోయి చేద వేయిస్తారు. బిడ్డకూ తల్లికీ మొదటి బయటి అడుగు అదే. మా పాప దసరా వెళ్లాక పుట్టింది, తొట్టెల నాటికి పత్తి ఏరుడు జోరు మీద ఉంది. కూలీలను ఎక్కించుకునే ఆటోలు తెల్లారకముందే బొడ్రాయి దగ్గర నిలబడుతున్నాయి. మా అమ్మ నాకు తలంటు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, కొత్త చీర కట్టించింది. నా చేతికి చిన్న ఇత్తడి బిందె ఇచ్చింది. పాపను మా అమ్మమ్మ ఎత్తుకుంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, వేపకొమ్మ ఉన్న పళ్లెం మా వదిన పట్టుకుంది. పిల్లలకు పంచడానికి గిన్నె నిండా శనగ గుడాలు.

ఇంటింటికీ నల్లా వచ్చాక ఊళ్లో బాయి మొఖం చూసేవాళ్లు లేరు. ముందురోజు సాయంత్రం మా నాయిన, తమ్ముడు పోయి పిచ్చిచెట్లు కొట్టి, పైన కప్పిన ఇనుప జాలి ఒక మూల విప్పి వచ్చారు. లోపల బీరు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు తేలుతున్నాయట. మా నాయిన ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి ఆయన. ఏటా గుడికి రంగులేయడానికి చందాలు వసూలు చేసేవాళ్లకు తాతల నాటి నుంచి ఊరి దూప తీర్చిన బాయి ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు. బతుకమ్మను చెరువులో వేసి మొక్కే మనమే బాయిలో సీసాలు వేస్తున్నాం. చేంతాడు కోసం వెతికితే అదీ ఊరంతటికీ ఒక్క ఇంట్లోనే దొరికింది.

సగం తొవ్వలో పాప లేచింది. ఆకలి ఏడుపు, ఆగేది కాదు. నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. ఇంటికి తిరిగిపోదామా అని వదిన అంది. పక్క ఇంటి అరుగు మీద ఒక ముసలవ్వ చాటలో చిక్కుడుకాయలు తుంపుతోంది. మమ్మల్ని చూసి చాట పక్కకు జరిపి, కొంగుతో అరుగు తుడిచి, "ఇటు రా బిడ్డా, ఇక్కడ కూసో. ఆకలైన పిల్లను ఎంత దూరం ఏడిపిస్తరు?" అంది.

నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. అవ్వ లేచి సడక్ వైపు తిరిగి నా ముందు నిలబడింది. కూలోళ్ల ఆటోలు పోతున్నాయి, పాల క్యాన్ల బండ్లు పోతున్నాయి, తెలిసినవాళ్లు ఆగి "ఏందవ్వా, గట్ల నిలబడ్డవ్?" అని అడుగుతున్నారు. ఆమె "మీ పని మీరు జూస్కోండ్రి" అంటోంది తప్ప కదలడం లేదు. పాప తాగినంతసేపు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఎవరి పోలిక అని అడగలేదు, పాలు సరిపోతున్నాయా అని అడగలేదు, ఎత్తుకుంటానని చేతులు చాచలేదు. పాప తేన్పు తీసిన చప్పుడు వినబడ్డాక అప్పుడు వంగి, పొయ్యి మసి వేలికి అద్దుకొచ్చి అరికాలికి చుక్క పెట్టింది. నా తల మీద చెయ్యి వేసి, "పైలం బిడ్డా" అంది.

ఆ తర్వాత బాయి దగ్గర బొట్లు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. చేద వేస్తే నా చేతుల్లో బలం లేదు, తాడు జారుతోంది, వదిన కూడా పట్టింది. బిందెలో సగం నీళ్లు పోసుకొని వచ్చాం. గుడాల కోసం పిల్లలు మూగారు. ఆడవాళ్లు నన్ను ఆపి నడుము నొప్పి ఉందా, నిద్ర పడుతుందా అని అడిగారు. పురుటింట్లోకి వచ్చినవాళ్లంతా పాపను చూసి పోయారు. ఊరు నన్ను చూసింది మాత్రం ఆ పొద్దుగాలే. ఆ రోజు నేను తిన్నంత అన్నం పురుడు అయ్యాక ఎన్నడూ తినలేదు. బాలింతకు కావాల్సిన మందు అదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరు కాదన్నా నా నమ్మకం మారదు.

పెద్దవాళ్లు పెట్టిన ఆ పద్ధతిలో ఎంత తెలివి ఉందో చూడండి. దగ్గరి దూరం, పొద్దుటి పూట, ఆరుబయట. బిడ్డ చేతులు మారదు. తొవ్వ పొడుగునా తెలిసిన ఇళ్లు, తెలిసిన అరుగులు.

ఇప్పుడు మీ పెళ్లి సంగతి. హనుమకొండ నుంచి అనుకున్నా కరీంనగర్ 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మూసిన ఏసీ హాలు, డీజే మోత, వీడియో లైట్లు, వందల చేతులు. మీ పాపకు పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేసి ఉంటారు. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా ఆరో వారంలో మొదలవుతుంది, తర్వాత పదో వారం, పద్నాలుగో వారం. అందాకా బిడ్డకు అసలు ప్రమాదం గాలితోనో చీకటితోనో రాదు, దగ్గుతూ వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టే చుట్టంతో వస్తుంది. పెద్దవాళ్లకు మామూలు జలుబు అనిపించేది నెల గుడ్డుకు దవాఖానలో పడుకోబెట్టే జబ్బు కావచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జ్వరం వచ్చిందంటే ఇంట్లో సిరప్ పోసి చూద్దాం అనడానికి లేదు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పెళ్లి హాల్లో ఆ జ్వరాన్ని ఎవరు గమనిస్తారు?

బిడ్డ ఆకలి సంగతి చూద్దాం. మా పాపకు రెండో నెలలో బట్టలకని హనుమకొండలో ఒక పెద్ద షోరూంకు పోయాం. చంటిపిల్లల బట్టలకే ఒక అంతస్తు, బొమ్మలు, బెలూన్లు. పాలివ్వడానికి చోటు అడిగితే ట్రయల్ రూం చూపించారు. కూర్చోవడానికి అందులో స్టూలు కూడా లేదు. నిలబడి పాలిస్తుంటే బయట తలుపు కొట్టుడు. పిల్లల పేరు మీద వ్యాపారం చేసే అంతస్తులో తల్లికి ఒక కుర్చీ వేయడానికి ఏమైంది? నేను మేనేజర్‌ను పిలిచి అందరి ముందే అడిగాను, ఇప్పటికీ ఆ తొవ్వన పోయినప్పుడల్లా కోపం వస్తుంది. బస్టాండ్లలో పాలిచ్చే గది అని రాసిన తలుపులకు తాళాలు వేసి ఉండడం కూడా చూశాను.

పసిగుడ్డును బుట్టలో మడిచి పడుకోబెట్టి, తలకు పూల బ్యాండు పెట్టి ఫొటోలు తీయించడం ఒకటి మొదలైంది. మెడ నిలవని బిడ్డను లైట్ల కింద గంటల తరబడి తిప్పుతారు. నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నిద్రపోతున్న బిడ్డను లేపి ఫొటో తీయాలా?

మరి ఎక్కడికి పోవాలి? ముందు టీకాకు పోండి. మన దగ్గర బుధ, శనివారాల్లో వేస్తారు, మీ ఆశా కార్యకర్తను అడిగితే చెప్తుంది. పొద్దున్నే పోతే జనం తక్కువ. ఆటో మాట్లాడుకోండి, స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా పొమ్మని ఎక్కేటప్పుడే చెప్పండి, బిడ్డ మెడ కింద మీ చెయ్యి తీయొద్దు. బైకు మీద మాత్రం వద్దు. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్ల లోపు పిల్లలకు బైకు మీద బెల్టు, హెల్మెట్ ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. అంతకన్నా చిన్న బిడ్డకు సరిపోయే హెల్మెటే లేదు. అయినా నైంనగర్ రోడ్డు మీద ఇద్దరి మధ్య పసిగుడ్డును ఇరికించుకొని పోయే జంటలు రోజూ కనబడతారు.

ఆ తర్వాత వేయి స్తంభాల గుడికి పోండి, సోమవారం కాని రోజు, పొద్దున. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, చుట్టూ ఎత్తైన రాతి అరుగు ఉంటుంది. ఒక పక్క ఎండ వస్తే ఇంకో పక్కకు జరగొచ్చు. పాపతో నాకు ఈ పట్టణంలో అంత హాయిగా అనిపించిన చోటు ఇంకొకటి లేదు. భద్రకాళి చెరువు కట్ట మీద కూడా పొద్దున బాగుంటుంది, సాయంత్రం మాత్రం దోమలు. మేడారం మొక్కు ఉందని ఎవరైనా తొందరపెడితే వినకండి. జాతర రెండేళ్లకోసారి వస్తూనే ఉంటుంది, వచ్చేసారి పాప ఎత్తు బంగారం, అంటే పాప బరువుకు తూచి మొక్కే బెల్లం, ఇంకా ఎక్కువే తూగుతుంది, సమ్మక్క సారలమ్మలకు ఏమీ తగ్గదు.

మీ అమ్మకు చెప్పండి, ఇంట్లో మూసిపెట్టడం వల్ల బిడ్డకు వచ్చేది ఏమీ లేదు, మీకు మాత్రం గోడలు మీద పడతాయి. ఇరుగు పొరుగు ఇంటి దాకా, గల్లీ చివరి దాకా పొద్దున నడవండి, నడుము సహకరించినంత. బిడ్డను ఆమెనే ఎత్తుకోమనండి.

అత్తగారికి మీరు చెప్పొద్దు. మీ ఆయనే వాళ్లమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, పాపకు ఇంకా అన్ని టీకాలు పడలేదు, వాళ్లిద్దరూ రావట్లేదు, పెళ్లికి నేనొక్కడినే వస్త" అని చెప్పాలి. కోడలు చెప్తే పంతం అంటారు, కొడుకు చెప్తే పాప ఆరోగ్యం అంటారు. పెళ్లయిన తెల్లారి అత్తగారిని, ఆడపడుచును మీ ఇంటికే రమ్మనండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, టవల్ గుమ్మం దగ్గరే పెట్టించండి. జలుబు ఉన్నవాళ్లు దూరం నుంచి చూసి పోతారు. పద్నాలుగో వారం టీకా పడ్డాక కరీంనగర్ మీరే పోండి. దారిలో హుజూరాబాద్‌లో తెలిసినవాళ్ల ఇల్లు ఏదైనా ఉందేమో ఇప్పుడే కనుక్కొని పెట్టుకోండి.