300 డిగ్రీల వేడిలో రేడియేషన్ కొలిచే క్రిస్టల్ సెన్సర్లు ఉంటాయా?

ఉంటాయి, సిలికాన్ కార్బైడ్, వజ్రం లాంటి క్రిస్టల్స్‌తో చేసినవి ఆ వేడిని తట్టుకుంటాయి, మామూలు సిలికాన్, జెర్మేనియం తట్టుకోలేవు.

రేడియేషన్ తగిలితే క్రిస్టల్‌లో ఎలక్ట్రాన్లు విడిపోయి చిన్న కరెంటు పుడుతుంది. మనం కొలిచేది దాన్నే. చిక్కేమిటంటే, వేడి కూడా ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. కోఠి సెంటర్లో సాయంత్రం పూట గుసగుస వినాలన్నట్టే! ఎలక్ట్రాన్ విడిపోవాలంటే దాటాల్సిన శక్తి గడప జెర్మేనియంలో సుమారు 0.67 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ప్రమాణం), సిలికాన్‌లో 1.12, సిలికాన్ కార్బైడ్‌లో 3.2 పైన, వజ్రంలో 5.5. గడప ఎత్తు పెరిగేకొద్దీ వేడికి ఎలక్ట్రాన్లను దాటించడం కష్టమవుతుంది.

జెర్మేనియం డిటెక్టర్‌నే తీసుకోండి. హైదరాబాద్ డిసెంబరు చలి కూడా దానికి ఎండాకాలమే. అందుకే మామూలుగా కింద పెద్ద ఫ్లాస్క్ లాంటి పాత్రలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి ఉంచుతారు, తగ్గినప్పుడల్లా మళ్లీ నింపుతారు. వేడి రియాక్టర్ పైపుల మధ్యకు ఇదంతా ఎవరు మోసుకెళ్తారు?

వేడికి క్రిస్టల్ కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిలికాన్ కరగాలంటే 1414 డిగ్రీలు కావాలి. సెన్సర్ దానికి చాలా ముందే చేతులెత్తేస్తుంది. ఆ మాటకొస్తే తీగలు అతికించే తగరం-సీసం టంకమే 183 డిగ్రీలకు కరగడం మొదలవుతుంది.