‘సోకింది’ అనే మాట కొట్టెయ్

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగానే పట్టుకున్నావు గానీ మొదటి వాక్యమే మార్చాలి. ‘గర్భిణులకు సోకిన ప్రమాదకర బాక్టీరియా’ అన్నావు. సోకలేదమ్మా, ఉంది. పేగుల్లోనూ యోనిలోనూ ఊరికే ఉంది. ఆమెకు జ్వరం లేదు, మంట లేదు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. కాన్పులో బిడ్డకు అంటుకోవచ్చు. అలా అంటుకున్న పిల్లల్లోనూ కొద్దిమందికే రక్తంలోకో మెదడు పొరల్లోకో చేరుతుంది, జబ్బంటే అదీ. ‘వాహకురాలు’ అని కూడా రాయకు. ఏదో నేరం చేసినట్టు వినిపిస్తుంది.

స్వాబ్ సంగతి, అంటే పుల్లకు చుట్టిన దూదితో నమూనా తీయడం, ఒక్క ముక్కలో దాటేశావు. ఫలితం సగం అక్కడే తేలిపోతుంది. 36 వారాలు నిండాక, స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టకుండా, ముందు యోని కింది భాగంలో తిప్పి, తర్వాత మలద్వారం లోపలి దాకా పోనివ్వాలి. సిగ్గుకొద్దీ రెండోది వదిలేస్తే దొరకాల్సింది దొరకదు. తీసిన స్వాబ్‌ని ల్యాబ్‌కి చేరేదాకా బాక్టీరియాను బతికించే ఏమీస్ లాంటి ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టాలి. మన మే నెల వేడిలో ఒకటి రెండు రోజులు బల్ల మీద పడి ఉంటే అందులో బతికి ఉన్నవి తగ్గిపోతాయి. ల్యాబ్‌లో నేరుగా ప్లేటు (బాక్టీరియాను పెంచే పళ్లెం) మీద రుద్దినా పాజిటివ్‌లు సగం దాకా తప్పిపోవచ్చు. అందుకే ముందు పోషక ద్రవమైన టాడ్-హెవిట్ బ్రాత్‌లో 18 నుంచి 24 గంటలు పెంచుతారు. ఆ బ్రాత్‌లో మిల్లీలీటరుకి 8 మైక్రోగ్రాముల జెంటామైసిన్, 15 మైక్రోగ్రాముల నాలిడిక్సిక్ యాసిడ్ ఉంటాయి. పేగుల్లోని తక్కిన బాక్టీరియాను ఆ మందులు అణిచిపెడితే దీనికి ఎదగడానికి చోటు దొరుకుతుంది.

పెరిగింది ఇదేనా అని తేల్చే క్యాంప్ పరీక్షను పాఠకుడికి కళ్లకు కట్టించు, అది బొమ్మలాంటిది. గొర్రె రక్తం కలిపిన అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీలాంటి పదార్థం) మీద స్టెఫైలోకాకస్‌తో ఒక నిలువు గీత. దానికి అడ్డంగా, తగలకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి, మనం అనుమానిస్తున్న బాక్టీరియా గీత. మర్నాటికి రెండు గీతలు దగ్గరపడిన చోట రక్తం కరిగి బాణం మొనలా తెల్లబడుతుంది. ఇది మనిషి రక్తంతో చేసిన ప్లేటు మీద నమ్మదగ్గట్టు రాదు. స్టెఫైలోకాకస్ టాక్సిన్ పనిచేసేది స్ఫింగోమైలిన్ అనే కొవ్వు మీద, అది గొర్రె రక్తకణాల పొరలో ఎక్కువ.

ఇక టైపింగ్, అంటే రకం తేల్చడం. దీని ఒంటి చుట్టూ ఉండే క్యాప్సూల్ పది రకాలు: వన్-ఎ, వన్-బి, ఆ తర్వాత రెండు నుంచి తొమ్మిది. మల్టిప్లెక్స్ పీసీఆర్ చేసి, అంటే వేర్వేరు రకాల జన్యు ముక్కలను ఒకేసారి కాపీలు తీసి, జెల్ మీద ఏ ఎత్తులో బ్యాండ్ (గీత) వచ్చిందో చూసి రకం చెబుతారు. నువ్వు ‘మూడు నమూనాలు ఏ రకానికీ చెందనివి’ అని రాసేశావు. అంత తొందరొద్దు. ఈ జాతిలో అన్నిటికీ ఉండే కంట్రోల్ జన్యువు బ్యాండ్ ఆ వరుసల్లో వచ్చిందా అని ల్యాబ్‌వాళ్లను అడుగు. అది కూడా రాకపోతే రకం తెలియకపోవడం కాదు, పరీక్షే ఫెయిలైంది. దీని గోడ దళసరి. ఊరికే నీళ్లలో మరగబెడితే డీఎన్ఏ సరిగా బయటికి రాకపోవచ్చు, మ్యూటనోలైసిన్ లాంటి ఎంజైమ్‌తో గోడ కరిగించాల్సి వస్తుంది.

‘టైప్ త్రీ’ అని విడిగా వదలకు. క్యాన్సర్ మూడో స్టేజీ అనుకునేవాళ్లు మన ఊళ్లో బోలెడుమంది. ‘మూడో రకం క్యాప్సూల్’ అను. ఎస్‌టీ-17 కూడా అంతే. కణం రోజువారీ బతుక్కి కావలసిన ఏడు జన్యువుల్లో ఒక్కో ముక్క చదివి, ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చి, ఆ ఏడు నంబర్ల కలయికకు పెట్టిన పేరది. ఎస్‌టీ-1 కంటే పదిహేడు రెట్లు చెడ్డదని కాదు. పసిపిల్లల మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్‌లో ఎక్కువగా కనబడేది ఎస్‌టీ-17 అన్నది మాత్రం నిజం, ఆ మాట ఉంచు.

శాతాల దగ్గర తడబడ్డావు. ఉదాహరణకి 200 మందిని చూస్తే 30 మందిలో దొరికి, వాటిలో 12 మూడో రకమైతే, ‘40 శాతం గర్భిణుల్లో మూడో రకం’ అనకూడదు. దొరికిన బాక్టీరియాలో 40, గర్భిణుల్లో 6.

ఒకటి మాత్రం వ్యాసం మధ్యలో దాచకుండా పైకి తెచ్చిపెట్టు. చదివినావిడ మర్నాడే మందుల షాపుకి పరిగెత్తకూడదు కదా. నెలలు నిండకముందు మందు మింగి పోగొట్టినా ఇది మళ్లీ వచ్చి చేరుతుంది. నొప్పులు మొదలయ్యాకనో ఉమ్మనీరు పోయాకనో సెలైన్‌లా నరానికి పెన్సిలిన్ ఇస్తారు: మొదట 50 లక్షల యూనిట్లు, తర్వాత కాన్పయ్యేదాకా నాలుగు గంటలకోసారి 25 నుంచి 30 లక్షలు. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు డాక్టరు చూస్తారు. రకం ఏదైనా తల్లికిచ్చే మందు మారదు. టైపింగ్ అక్కరకొచ్చేది టీకా తయారుచేసేవాళ్లకి, ఏ క్యాప్సూళ్లు అందులో పెట్టాలో తేల్చుకోవడానికి. ఆ ముక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు. రాసి పంపు, మళ్లీ చూస్తాను.