ఆ పాత కెమెరాతో ఊరికి వస్తున్నావట

బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ కూల్‌పిక్స్ 950 డిజిటల్ కెమెరా కొన్నావనీ, సంక్రాంతికి వచ్చి ఊళ్లో పెద్దవాళ్లందరికీ దాంతోనే ఫొటోలు తీసి పుస్తకం వేయిస్తావనీ నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. స్టూడియో మూసేశాక మన ఇంట్లో ఇక కెమెరా పట్టేవాళ్లు లేరనుకున్నాను. అందుకు సంతోషమే. టెన్షన్ ఎందుకో కింద రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మంచి కెమెరానే కొన్నావు. 1999లో అది వచ్చినప్పుడు మా ఫొటోగ్రాఫర్లంతా నోరెళ్లబెట్టి చూశారు. లెన్సున్న సగం ఒకవైపుకి, స్క్రీనున్న సగం ఇంకోవైపుకి మెలి తిరుగుతుంది కదా, ఆ సౌకర్యం బాగా వాడుకో. కెమెరా మొహానికి అడ్డం పెట్టుకుంటే మనవాళ్లు పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తూ తీస్తే నీతో కబుర్లు చెబుతూ మామూలుగా ఉంటారు. దగ్గరి ఫొటోలకి కూడా దానికి పేరుంది. మాక్రో పెట్టి, తెరమీద పువ్వు గుర్తు పసుపు రంగుకి మారేదాకా జూమ్ జరుపు. అక్కడ 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది కూడా ఫోకస్ అవుతుంది. మీ పెద్దమ్మ బొటనవేలి మీద కత్తిపీట గాటు ఉంది, అదీ తీయొచ్చు.

చిన్న చిన్న సంగతులు. నాలుగు డబుల్ ఏ పెన్సిల్ సెల్స్ పడతాయి, మామూలువి వేశావంటే గంటలో తాగేస్తుంది. రీఛార్జబుల్‌వే కొను, రెండు సెట్లు ఉండాలి. కార్డు తిన్నగా దించు, పక్కకి తోస్తే లోపల పిన్నులు వంగుతాయి. దాని సొంత కేబుల్ పాతకాలం సీరియల్ పోర్టుది, నీ ల్యాప్‌టాప్‌కి పనికిరాదు, కార్డ్ రీడర్ తెచ్చుకో. తేదీ సరిచేసుకో. ఎండలో స్క్రీన్ కనపడదు, పైనున్న చిన్న కిటికీలోంచి చూసి తీయి.

ఇక అసలు సంగతి. కెమెరా చేతికి రాగానే సైజు ఫుల్‌లో ఉందో లేదో చూడు. క్వాలిటీ ఫైన్‌లో పెట్టు. పాత ఓనరు ఏం పెట్టి వదిలేశాడో మనకేం తెలుసు.

నువ్వు ఎల్‌కేజీలో ఉన్నప్పటి సంక్రాంతి అది. మీ నాన్న స్నేహితుడి దగ్గర అడిగి ఒక డిజిటల్ కెమెరా తెచ్చాడు, నీ దానిలాంటిదే, వేరే కంపెనీది. అందులో 8 ఎంబీ కార్డు. పూర్తి సైజులో ఏడెనిమిది తీసేసరికి నిండిపోయింది. ఇంత పండక్కి ఎనిమిది ఫొటోలేమిటని వాడు సైజు 640×480కి దించాడు. వంద దాకా పట్టాయి. సాయంత్రం టీవీకి వైరు తగిలించి చూపిస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. అప్పటి టీవీ తెరకి ఆ సైజు సరిపోతుంది, తేడా ఏమీ తెలియదు. అదే కొంప ముంచింది.

ఆ శ్రావణంలో మా అమ్మ, అదే మీ నానమ్మ, పోయింది. పదకొండో రోజుకి ఫొటో కట్టించాలి. మీ నాన్న సీడీ పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. అరుగు మీద అందరం నిలబడ్డ ఫొటో ఒకటే బాగుంది, అమ్మ నవ్వుతోంది అందులో. మొత్తం ఫొటోకే అడ్డంగా 640 చుక్కలు. అమ్మ మొహానికి వచ్చినవి ఏ నలభయ్యో. 12×15 అంగుళాలకి పెంచితే కళ్లు రెండు నల్లటి గళ్లయ్యాయి. ముక్కుపుడక ఒక తెల్ల గడి. నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. రాత్రంతా ఫొటోషాప్‌లో కూర్చున్నాను. అసలు లేని చుక్కల్ని ఎక్కణ్ణుంచి తెస్తాం? వాడు వెనక స్టూలు మీద కూర్చుని ‘ఇంకొంచెం చూడన్నయ్యా’ అంటూనే ఉన్నాడు.

చివరికి నా పెళ్లినాటి నలుపు-తెలుపు నెగెటివ్ వెతికి ప్రింటు వేశాం. దండ వేశాక నువ్వు వచ్చి ‘ఈవిడెవరు పెదనాన్నా’ అన్నావు. నీకు తెలిసిన నానమ్మకి తల నెరిసింది, ఈవిడకి నల్లటి జడ. మీ నాన్న లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. వాణ్ణి ఎవరం ఏమీ అనలేదు. నువ్వూ ఈ మాట ఎత్తకు. వాడి మనసు నాకు తెలుసు.

అందుకే చెబుతున్నా, ఇప్పుడు కార్డుకి కరువు లేదు. అలాగని 32 జీబీది తేకు, అంత పాత కెమెరా దాన్ని గుర్తు పట్టదు. 256 ఎంబీది చాలు, ఫైన్‌లో రెండొందలకి పైగానే పడతాయి. అలాంటివి రెండు మూడు ఉంచుకో. రోజూ రాత్రి ల్యాప్‌టాప్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తెరిచి చూసుకున్నాకే ఫార్మాట్ కొట్టు.

ఫుల్ సైజు అన్నా అది 1600×1200, రెండు మెగాపిక్సెళ్లే. 8×6 అంగుళాల దాకా ప్రింటు బాగుంటుంది, ఆ పైన ఆశపడకు. దూరం నుంచి తీసి తర్వాత కత్తిరిద్దామంటే కుదరదు. దగ్గరికి వెళ్లు, మొహం ఫ్రేము నిండా రావాలి. డిజిటల్ జూమ్ జోలికి పోకు. నొక్కిన వెంటనే ఫొటో పడదు, బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టాక ఆగి, మనిషి మాటలో పడ్డాక పూర్తిగా నొక్కు. మనవాళ్లు కట్టేది తెల్ల పంచె. ఫిల్మ్ నెగెటివ్ అయితే తెలుపుని కాస్త ఓర్చుకునేది, ఇందులో తెలుపు తెల్లగా ఎగిరిపోతే మళ్లీ రాదు. ఎక్స్‌పోజర్ కొద్దిగా మైనస్‌లోకి దించు. గదిలో ఫ్లాష్ కొడితే కళ్లు ఎర్రబడతాయి, పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టు.

స్పేర్‌గా 2003, 2004 నాటిది ఇంకోటి కొంటానన్నావట. ఆ కాలం కెమెరాల్లో చాలావాటికి సోనీ సెన్సార్లే (ఫొటోని పట్టే చిప్పులు) ఉండేవి. 2005లో వాటిలో లోపం బయటపడి చాలా కంపెనీల కెమెరాలకి ఉచితంగా రిపేర్లు చేశారు. వేడి, తేమ తగిలితే లోపలి కనెక్షన్ ఊడిపోయేది. మన కోనసీమ గాలి సంగతి నీకు తెలుసు. అలాంటివాటి బదులు ఫోన్ చాలు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. మొత్తం ఆ కెమెరాతోనే అనే పంతం వదులు. ప్రతి మనిషినీ ఒక్కసారి ఫోన్‌తో కూడా తీయి. పుస్తకంలో వేయకపోతే మానెయ్. పాత కెమెరా రంగులు బాగుంటాయంటావు, ఉంటాయి, కాదనను. కానీ వీళ్లలో సగం మంది ఎనభై దాటినవాళ్లు.

భోగికి రెండు రోజుల ముందే రా, భోగినాడు ఎవరూ కుదురుగా కూర్చోరు. రావులపాలెంలో దిగి ఫోన్ చేస్తే బండి పంపిస్తాను. ఛార్జర్ తేనక్కర్లేదు, నాది పనిచేస్తోంది. సెల్స్ మాత్రం కొత్తవి తే, నావి ఛార్జి నిలబెట్టడం లేదు.

ఉంటాను,
మీ పెదనాన్న