ఆర్మీ రిజర్వ్‌లో నర్స్ ఆఫీసర్ పని నిజంగా నెలకు రెండు రోజులేనా?

ఐసీయూలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నానని, అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో (మామూలు ఉద్యోగం చేసుకుంటూ, పిలుపు వస్తే వెళ్లే పార్ట్‌టైమ్ సైన్యంలో) నర్స్ ఆఫీసర్‌గా చేరాలని ఉందని రాశారు. నెలకు రెండు రోజులే పని అన్నది నిజమేనా, ఎప్పుడూ ఎవరి మీదా పెత్తనం చేయని మీరు నాయకత్వం వహించగలరా అని అడిగారు. హాస్పిటల్ ఉద్యోగం చేసుకుంటూనే పదకొండేళ్లుగా రిజర్వ్‌లో ఉన్నాను. ఇప్పుడు కెప్టెన్‌ని.

లెక్క ప్రకారం నెలకు ఒక వీకెండ్, ఏడాదికి రెండు వారాల శిక్షణ. మీ కింద సైనికులు ఉంటే మాత్రం మిగతా రోజుల్లోనూ పని ఉంటుంది. ఒకరి నర్సింగ్ లైసెన్స్ గడువు దగ్గర పడుతుంది, ఒకరు పళ్ల పరీక్ష చేయించుకోరు, ఇంకొకరికి ఫిట్‌నెస్ టెస్ట్ అంటే టెన్షన్. పిలుపు వచ్చిన రోజున వీళ్లంతా బయల్దేరగలిగేలా ఉండాలి కాబట్టి ఆ ఫోన్లన్నీ మీరే చేయాలి. నాకు వారంలో రెండు మూడు సాయంత్రాలు వాటికే పోతాయి.

ఇక నాయకత్వం. లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు, ఒకేసారి చాలామంది క్షతగాత్రులు వచ్చినట్టు చేయించే అభ్యాసంలో నాకు ట్రయాజ్, అంటే ఎవరికి ముందు చికిత్స చేయాలో తేల్చే పని, అప్పగించారు. మొదటి స్ట్రెచర్ దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని ఐవీ పెట్టడం మొదలుపెట్టాను. చేతులకు అలవాటైన పని కదా. నా వెనక ఇంకా మూడు స్ట్రెచర్లు దించారు. వాటిలో ఛాతీ గాయం ఉన్న వ్యక్తిని ఎవరూ చూడలేదు. కాసేపటికి పరీక్షకుడు వచ్చి అతను చనిపోయినట్టు కార్డు పెట్టేశాడు. మా సీనియర్ సార్జెంట్ నా పక్కకొచ్చి నెమ్మదిగా, "మేడమ్, ఐవీ మెడిక్ పెడతాడు. ఎవరిని ముందు చూడాలో మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు, లేవండి" అన్నాడు.

అది ఉత్తుత్తి గాయమే అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఐసీయూలో ఒకరిద్దరు పేషెంట్ల కోసం ఉన్నదంతా వాడతాం. యుద్ధరంగంలో గాయపడిన మనుషులు ఎక్కువ, చికిత్స చేసే చేతులు తక్కువ. హాస్పిటల్‌లో చివరిదాకా పోరాడి ఉండే మనిషిని కూడా, బతికే అవకాశం ఎక్కువున్న ఇంకొకరి కోసం పక్కన ఉంచమని చెప్పాల్సి వస్తుంది. నర్సుకు ఇంతకంటే కష్టమైన మాట లేదు. ఇన్నేళ్లలో నాకు అది తేలిక కాలేదు, కాకూడదని కూడా అనుకుంటాను.

కాబట్టి పెత్తనం తెలియదని వెనక్కి తగ్గకండి. మీ ర్యాంకు పెద్దదైనా మొదట్లో సార్జెంట్లకే ఎక్కువ తెలుసు, వాళ్లను అడిగి నేర్చుకోండి. నేను అలాగే నేర్చుకున్నాను.

హాస్పిటల్ సంగతి కూడా చెప్పాలి. 1994 నాటి యూసెర్రా చట్టం మీ ఉద్యోగాన్ని కాపాడుతుంది. డ్రిల్‌కు, అంటే ఆ వీకెండ్ శిక్షణకు, వెళ్తున్నానని ముందుగా తెలియజేయాలి, అంతేగానీ అనుమతి తీసుకోనక్కర్లేదు. అయితే మీరు లేని వీకెండ్ భారం మోసేది తోటి నర్సులే. యూనిట్ డ్రిల్ తేదీలు ఇవ్వగానే, షిఫ్టుల షెడ్యూల్ వేయకముందే మేనేజర్‌కు చెప్పండి. పండగ రోజు షిఫ్టులు ఒకటి రెండు మీరే అడిగి తీసుకోండి.

ఆఫీసర్‌గా చేరాలంటే బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ), ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ కావాలి. అవి ఉంటే సంతకం పెట్టేముందు మీరు చేరబోయే యూనిట్‌లోని నర్సులతో ఒకసారి మాట్లాడించమని రిక్రూటర్‌ను అడగండి. కిందటి నెలలో డ్రిల్ లేని రోజుల్లో ఎన్ని గంటలు పనిచేశారో వాళ్లనే అడిగి తెలుసుకోండి.