వాటా లేని వస్తువు

సందేహం: ‘గ్లోబల్ పబ్లిక్ గూడ్స్’ను మా పాఠాల్లో ఒకచోట ‘ప్రపంచ ప్రభుత్వ వస్తువులు’ అన్నారు, మరోచోట ‘ప్రపంచ ఉమ్మడి వస్తువులు’ అన్నారు. ఏది సరైనది? జ్ఞానం కూడా ఈ కోవలోదే అంటున్నారు. దాన్ని వస్తువు అనవచ్చా?
– అర్థశాస్త్ర విద్యార్థిని, గుంటూరు

సమాధానం: మొదటిది వదిలేయండి. ప్రభుత్వ వస్తువు అనగానే మండల కార్యాలయంలో నంబరు వేసిన కుర్చీ గుర్తుకొస్తుంది. పైగా ప్రపంచానికంతటికీ కలిపి ఒక ప్రభుత్వమంటూ లేదు. అసలు చిక్కంతా అక్కడే. లాభం అందరిదీ, ఖర్చు ఎవరు భరించాలో తేల్చేవారే ఉండరు. మశూచి నిర్మూలన పూర్తయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. అందుకు పైసా ఇవ్వని వారి పిల్లలకూ ఆ రక్షణ దక్కింది.

నా పేచీ రెండోదానితో. ఉమ్మడి అంటే తెలుగువాడి చెవికి వాటా వినిపిస్తుంది. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి... ఇవాళ కాకపోతే రేపు పంపకాలు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు వదిలే నీటికి ఈ మాట అచ్చంగా సరిపోతుంది. ఎగువ రైతు తూము ఎక్కువ ఎత్తితే శివారు చేలు బీటలు వారతాయి. అందుకే వంతులు, కాలువ నీటిని చూసుకునే లస్కర్లు, 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు. ఇలాంటి వనరులను వాడుకునేవారే కట్టుబాట్లతో కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

పబ్లిక్ గూడ్స్ గురించి 1954లో అమెరికా ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ చెప్పింది వేరు. ఒకరు వాడుకున్నా మరొకరికి తరగని వస్తువు అది. మీ పక్కనున్న బాపట్లనే చూడండి. అక్కడ పుట్టిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, వంశవృక్షంలో కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ టీఎన్ 1, మలేసియా మసూరి అనే వరి రకాలు ఉన్నాయి. విత్తన బస్తా ఒకరు కొంటే ఇంకొకరికి ఉండదు. దేన్ని దేనితో సంకరం చేయాలన్న తెలివి మాత్రం బాపట్ల తెలుసుకున్నందువల్ల తైవాన్‌కు తరగలేదు. పేటెంటు కంచె వేసి జ్ఞానాన్ని ఆపవచ్చు, నిజమే. అది చట్టం కట్టిన కంచె, జ్ఞానం స్వభావం కాదు.

కాబట్టి ‘ప్రపంచ సార్వజనిక వస్తువులు’ అనండి. ఉమ్మడిని నీటికి, మేత భూములకు, చేపల చెరువులకు ఉంచి ‘ఉమ్మడి వనరులు’ అనండి. ‘సార్వజనీన’ను మాత్రం ఇక్కడ కలపకండి. దాన్ని సత్యాలకు, విలువలకు వాడుతున్నాం.

ఇక వస్తువంటే చేత్తో పట్టుకునేదే కానక్కర్లేదు. కథావస్తువు, కావ్యవస్తువు అని ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం. సరుకు అంటే మాత్రం తప్పే, దానికి కొట్టూ బేరమూ ఉండాలి. ‘పంచుకున్న జ్ఞానం’ కూడా నాకు రుచించదు. పంచితే తలా కొంతే వస్తుంది కదా! ‘అందరి జ్ఞానం’ అంటే చాలు.