కోరస్ మీదికి పాకే పాట

ప్ర: సల్సా (లాటిన్ అమెరికన్ నృత్య సంగీతం) గాయకుడు ఇస్మాయెల్ రివేరా ఆశువుగా పాడటంలో మేటి అంటారు. ఆ ప్రత్యేకత ఏమిటి?

జ: 1931లో ప్యూర్టోరికోలోని సాంతుర్సేలో పుట్టిన రివేరా మొదట తాపీమేస్త్రీ. 1950ల మధ్యలో రఫాయెల్ కోర్తీహో బృందంలో ప్యూర్టోరికో జానపద సంగీత రీతులైన బొంబా, ప్లేనా పాడి పేరు తెచ్చుకున్నాడు. 1962లో మాదకద్రవ్యాల కేసులో అరెస్టై జైలుకెళ్లాడు. విడుదలయ్యాక లాస్ కచింబోస్ అనే సొంత బృందం పెట్టాడు. 1987లో మరణించాడు.

ఆశువు సాగేది పాట చివరి భాగమైన మొంతూనోలో. కోరస్ ఒకే పంక్తిని, తరచూ నాలుగు బార్లు (తాళంలో ఒక్కో చుట్టు ఒక బార్), తిప్పి తిప్పి పాడుతుంది. మధ్య ఖాళీని గాయకుడు నింపాలి. చాలామంది ఆ హద్దులోనే ఆగుతారు. రివేరా మాత్రం అక్షరాలను కుక్కి, కోరస్ మీదికి కూడా పాకేవాడు, అయినా రెండు బార్లకు ఐదు దెబ్బలుండే క్లావే లయ తప్పేవాడు కాదు. అసలు విద్య అదే!

కొత్తవాళ్లు ముందు ప్రాస కుదిరే ఆఖరి మాట ఎంచుకుని, దానివైపు వాక్యం నడిపితే మేలు. మొదటి మాట నుంచి వెతుక్కుంటూ పోతే చోటు చాలక క్లావేకి అడ్డం పడతారు. రివేరాలా కోరస్ మీద పాడటం ఆ తర్వాతి మాట.