నొప్పి లేని దవడ సిస్ట్‌కి ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. ఇంటర్లో ఉండగా కబడ్డీలో పడి పై ముందుపన్నుకి దెబ్బ తగిలింది, తర్వాత నల్లబడింది. ఇప్పుడు చిగురు ఉబ్బింది. ఎక్స్‌రేలో వేరు కొసన సిస్ట్ (నీటి తిత్తి) ఉందన్నారు. మందులషాపు మాత్రలు వేస్తే తగ్గుతోంది, నెల తిరిగేసరికి మళ్లీ వస్తోంది. నొప్పే లేదు కదా, రూట్ కెనాలూ ఆపరేషనూ తప్పవా?
– ఒక తల్లి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: రూట్ కెనాల్ తప్పదండి. ఆపరేషన్ సంగతి తర్వాత తేలుతుంది. దెబ్బకి పంటిలో నరం చచ్చిపోయింది, పన్ను నొప్పి పుట్టకపోవడం అందుకే. ఆ చచ్చిన గుజ్జులో చేరిన బ్యాక్టీరియా విషం వేరు కొస రంధ్రంలోంచి ఎముకలోకి ఊరుతూ ఉంటుంది. దాన్ని అడ్డుకోవడానికి వచ్చిన రక్షణకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే రసాయనాలతో కబుర్లు పంపుకుంటాయి. చిక్కంతా ఆ కబుర్లతోనే.

పన్ను తయారయ్యాక మిగిలిపోయిన మలాసెజ్ కణాలు వేరు చుట్టూ నిద్రాణంగా ఉంటాయి. ఈ రసాయనాలూ, వీటి ప్రేరణతో పక్క కణాలు వదిలే పెరుగుదల కారకాలూ వాటిని లేపుతాయి. అవి ముద్దగా పెరిగితే నడిమివాటికి పోషణ అందదు, చచ్చి గుల్ల పడుతుంది, అదే సిస్ట్. ఆవకాయ ముక్కల్లోంచి ఉప్పు ఊట లాగినట్టు, లోపలి కణాల చెత్త చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. అవే కబుర్లు ర్యాంకెల్ అనే ప్రొటీన్‌ని పెంచి ఎముకను తినే కణాలనీ ఉసిగొల్పుతాయి. అంటే నీటి ఒత్తిడి ఒక్కటే కాదు, ఎముకే కరిగి చోటిస్తోంది. బాగా పలచబడితే వేలితో నొక్కినప్పుడు గుడ్డుపెంకులా చిటపటమంటుంది.

చచ్చిన నరానికి రక్తం రాదు, మాత్రల మందు అక్కడికి చేరదు. పైకి వచ్చిన చీము తగ్గుతుంది, అంతే. షాపులో అడిగి వేసుకునే ఆ అలవాటు ఇక మానండి.

రూట్ కెనాల్లో వేరు లోపలి గొట్టాన్ని హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారక ద్రవంతో కడిగి, అవసరమైతే కొన్ని వారాలు కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి, ఆపైన గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేస్తారు. ఆరు నెలలకీ, ఏడాదికీ ఎక్స్‌రే తీయించండి. అందులో సిస్ట్ నల్లమచ్చలా కనిపిస్తుంది, అది చిన్నదవుతుంటే కత్తి అక్కర్లేదు. తగ్గకపోతే తిత్తిని ఒలిచి తీసి, వేరు కొసను సుమారు 3 మి.మీ. కోస్తారు. తీసిన ముక్కకి బయాప్సీ చేయించి తీరాలి. ఎక్స్‌రేలో ఇలాగే కనిపించే కెరటోసిస్ట్ మళ్లీ మళ్లీ వచ్చే రకం. దానికి ట్యూబు పెట్టి ఒత్తిడి తగ్గిస్తే పొరలో ఇంటర్‌ల్యూకిన్-1 తగ్గడం పరిశోధనల్లో తేలింది.

జ్వరం, కంటి కిందికి పాకే వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.